వెలిగి యారు ఇంజను దీపము – కారణమును గుర్తించు విధము

మన గ్రామములలో నేడు మోటారు కారు విలాసవస్తువు గాదు. రాత్రివేళ రోగిని తాడిపత్రికో నంద్యాలకో కొనిపోవుటకును, విత్తనములు, పురుగుమందులు తెచ్చుకొనుటకును పలు కుటుంబములకు అదియే యాధారము. అట్టి వాహనము నడుమదారిలో వణకుటయు, చోదకుని యెదుట పసుపుపచ్చని యింజను దీపము వెలుగుటయు, మఱునాడు రెండును మాయమగుటయు తఱచుగా జరుగుచుండును. దీపమారినది గదా యని కొందఱూరకుందురు. కొందఱు భయపడి యెవరేది చెప్పిన నా భాగమును మార్పించి ధనము పోగొట్టుకొందురు. ఈ రెండును నష్టదాయకములే. కారణమును క్రమముగా వెదకు విధమును ఈ పాఠమున వివరింతుము.

1. దీపము చెప్పునది, చెప్పనిది

దేశమంతట 2020 ఏప్రిల్ 1వ తేది నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఆ నిబంధనల ననుసరించి తయారైన కార్లన్నిటిలోను, అంతకు ముందరివాటిలో ననేకములందును, ఇంజను పనిని కనిపెట్టుచుండు చిన్న కంప్యూటరు గలదు. అది ఇంజను ఇరుసు తిరుగు వేగమును ఎడతెగక కొలుచుచుండును. ఒక సిలిండరులో పెట్రోలు మండనిచో ఆ క్షణమున ఇరుసు కొంచెము మందగించును. పూర్వము కపిల తోలువారు మోకు లాగుడునుబట్టి యే యెద్దు వెనుదీసినదో యెఱిగినట్లే, కంప్యూటరు కూడ యే సిలిండరు పనిచేయలేదో గ్రహించి యొక సంకేతమును వ్రాసికొనును. పి 0301 అనగా మొదటి సిలిండరు, పి 0302 అనగా రెండవది. ఏదో యొక్కటి యని నిర్ణయింప వీలుగాక పలు సిలిండరులలో తప్పుచున్నచో పి 0300 అని వ్రాయును.

ఈ సంకేతము రోగలక్షణమును దెల్పునే గాని రోగమును దెల్పదు. మొదటి సిలిండరు మండుట లేదని చెప్పును. తప్పు ప్లగ్గుదో, కాయిలుదో, ఇంజెక్టరుదో, తీగదో చెప్పదు. దానిని మనమే శోధింపవలయును.

దీపము వెలిగి యారుటకును కారణము గలదు. పలు దోషముల విషయమున, వరుసగా రెండు ప్రయాణములలో దోషము కనబడిననే దీపము వెలుగును. పిమ్మట మూడు ప్రయాణములలో అది కనబడనిచో ఆరిపోవును. అయినను సంకేతము జ్ఞాపకములో నిలిచియుండును. సాధారణముగా ఇంజను 40 మారులు చల్లారి మరల వేడెక్కువఱకు అది చెఱగదు. కావున దీపమారుట రోగము కుదురుట గాదు. బ్యాటరీ తీగ విప్పినచో పలు వాహనములలో ఈ వ్రాత చెఱగిపోవును. సంకేతము చదివించుటకు ముందు అట్లు చేయరాదు.

2. ఆగవలయునా, పోవచ్చునా?

నూనెగిన్నె బొమ్మగల యెఱ్ఱ దీపము గాని, వేడిని దెల్పు ఎఱ్ఱ దీపము గాని వెలిగినచో వెంటనే ప్రక్కకు దీసి యింజను ఆపవలయును. పసుపుపచ్చని యింజను దీపము నిలుకడగా వెలుగుచు, బండి సాఫీగా సాగుచున్నయెడల మెల్లగా ఇల్లు చేరి తరువాత చూపింపవచ్చును.

ఆ దీపమే మిణుకుమిణుకుమని కొట్టుకొనుచు బండి వణకినచో అది తీవ్రమైన హెచ్చరిక. మండని పెట్రోలు సైలెన్సరు గొట్టములోనికి బోయి క్యాటలిటిక్ కన్వర్టరులో మండును. ఆ భాగము తేనెపట్టువలె రంధ్రములు గలది. ప్లాటినము, పలాడియము, రోడియము వంటి విలువగల లోహముల పూత గలది. అతివేడికి లోపలి పట్టు కరగి గొట్టము మూసికొనవచ్చును. కొలది వెలగల ప్లగ్గును ఉపేక్షించుటచే మిక్కిలి ఖరీదైన కన్వర్టరు పాడగుట యిట్లే. కావున ఎక్సిలరేటరు వదలి, వేగము తగ్గించి, వీలైనంత త్వరలో ఆపవలయును. ఎండుగడ్డి, వరిగడ్డి, కళ్లములోని చొప్ప వీనిపై మాత్రము నిలుపరాదు. కాగిన కన్వర్టరు తగిలి యవి యంటుకొను ప్రమాదము గలదు.

3. వణకు ఇంజనుదేనా?

నాలుగు సిలిండరుల ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ప్రతి సిలిండరును రెండు చుట్లకొకమారు, అనగా నిమిషమునకు 400 మారులు మండును. మొత్తము 1600. అందొకటి పనిచేయనిచో సెకనునకు దాదాపు ఏడుమారులు కుదుపు గలుగును. స్టీరింగునందును, ఆసనమునందును తెలియు వణకు ఇదియే.

అన్ని వణకులును ఇంజనువి గావు. బండిని నిలిపి, చేతిబ్రేకు వేసి, న్యూట్రలులో నుంచి చూడుడు. నిలిచియున్నప్పుడును వణకినచో ఇంజనునో, దానిని మోయు రబ్బరు దిమ్మలనో అనుమానింపవలయును. నిలిచినప్పుడు లేక, నిర్ణీత వేగమందే స్టీరింగు వణకినచో తప్పు చక్రములది. వర్షాకాలమున నల్లరేగడి బురద చక్రపు లోపలి యంచున గట్టిపడి తూకము చెడుట మన ప్రాంతమున సామాన్యము. కడిగినంతనే యది పోవును. బ్రేకు నొక్కినప్పుడే వణకినచో బ్రేకు డిస్కులను చూపింపవలయును.

4. ఎప్పుడు వచ్చుచున్నది?

వచ్చిపోవు దోషము మెకానిక్కు ముందర దాగికొనును. కావున చోదకుడు ఒక పుస్తకమున ఈ సంగతులు వ్రాసికొనవలయును: ఇంజను చల్లగా నుండెనా, కాగియుండెనా, వాన కురిసెనా, బండి కడిగిరా, ఎత్తు ఎక్కుచుండెనా, పెట్రోలు ఎప్పుడు పోయించిరి, బండి ఎన్ని దినములు కదలక యుండెను.

వీనినుండి దారి దొరకును. కాగినపిదప వచ్చి చల్లారినపిదప పోవునది తఱచుగా కాయిలు దోషము. వేడికి దాని లోపలి సన్నని పగులు విచ్చుకొనును. తడిసినపిదప వచ్చునది ప్లగ్గు గుంటలో నీరు చేరుటవలన గావచ్చును. ఎత్తు ఎక్కునప్పుడు వచ్చునది అరిగిన ప్లగ్గును సూచించును. పెట్రోలు పోయించినంతనే వచ్చినచో అందు నీరు కలిసెనేమో విచారింపవలయును. ధాన్యపు బస్తాల చెంత నిలిపిన బండిలో ఎలుకలు తీగలు కొఱుకుట మఱొక కారణము. కొలిమిగుండ్ల, బేలుము పరిసరములు సున్నపురాతి నేలలు. నాపరాళ్ల బండ్లు తిరుగు దారులలో దుమ్ము మెండు. గాలి వడపోత సరిగా కూర్చుండనిచో ఆ దుమ్ము లోనికిబోయి గాలిని కొలుచు సాధనమును కప్పివేయును.

5. శోధన క్రమము

మొదట సంకేతము చదువవలయును. స్టీరింగు దిగువ ప్రాంతమున 16 పిన్నుల సాకెట్టు ఉండును. దానికి సంకేతములు చదువు చిన్న యంత్రమును తగిలించినచో, సంకేతమును, దోషము గలిగిన సమయమున ఇంజను వేగము, వేడి మొదలగునవియు తెలియును. వీనిని వ్రాసికొనినపిమ్మటనే చెఱుపవలయును.

పి 0301 వచ్చినదనుకొందము. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, మొదటి సిలిండరు కాయిలును మూడవదానికిని, మూడవదాని కాయిలును మొదటిదానికిని మార్చవలయును. పాత సంకేతమును చెఱిపి, దోషము వచ్చు పరిస్థితులలోనే బండిని నడుపవలయును. ఇప్పుడు పి 0303 వచ్చినచో దోషము కాయిలుతోగూడ కదలినది. ఆ యొక్క కాయిలును మార్చిన చాలును. మరల పి 0301యే వచ్చినచో ప్లగ్గును ఇట్లే మార్చి చూడవలయును. అప్పుడును కదలనిచో తీగలు, ఇంజెక్టరు, కడపట సిలిండరు కంప్రెషను పరీక్షింపవలయును. ఒకమారు ఒక్కటే మార్చవలయును. నాలుగు భాగములు ఒకేమారు మార్చినచో ఏది దోషియో ఎన్నటికిని తెలియదు.

ఒక హెచ్చరిక. ఇంజను నడుచుచుండగా ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా లాగి చూచుట పూర్వపు వాడుక. నేటి వాహనములలో అట్లు చేయరాదు. కాయిలులో వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టును. మఱియు మండని పెట్రోలు కన్వర్టరును చెఱచును.

డీసెలు కార్లలో ఈ ప్లగ్గు, కాయిలు ఉండవు. వానియందు వడపోతలో నీరు, ఇంధన గొట్టములో గాలి, ఇంజెక్టరు దోషము వీనిని ముందుగా చూడవలయును.

6. సంఘము చేయదగినది

సంకేతములు చదువు సామాన్యమైన యంత్రములు కొలది వందల రూపాయలు మొదలుకొని దొరకుచున్నవి. కొన్ని సెల్‌ఫోనుతోనే పనిచేయును. ఇది దినదినము వాడు వస్తువు గాదు గాన ఇంటింట కొననక్కఱలేదు. సంఘమున నొకటి యుంచి, సంకేతము, తేది, తుదకు తేలిన కారణము వ్రాయుటకు ఒక పుస్తకము పెట్టినచో, ఒకరి యనుభవము పదిమందికి పాఠమగును. సంకేతము చేతబట్టుకొని పోయిన సభ్యుడు మెకానిక్కును తగిన ప్రశ్న లడుగగలడు. ఏ భాగము ఎందుకు మార్చుచున్నారో తెలిసికొనగలడు.

దీపము కొట్టుకొనిన ఆగుడు, ఆరినను చదివింపుడు, ఒకమారు ఒక్కటే మార్పుడు. ఈ మూడింటిని పాటించు రైతు ధనమును గాపాడుకొనుటయేగాక, నడిరాత్రి రోగితో దారిలో నిలిచిపోవు నాపదను చాలవఱకు తప్పించుకొనగలడు.