లాగిన్ తర్వాత ఎక్కడికి?

చిరంజీవి తమ్ముడికి,

మొన్న రాత్రి ఫోన్ పెట్టేసే ముందు నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "నెక్స్ట్‌లో ఏ అడ్రసు వస్తే అక్కడికి రీడైరెక్ట్ చేసేస్తానక్కా, రెండు లైన్ల పని" అన్నావు. ఆ రెండు లైన్లు రాయకముందే ఈ ఉత్తరం నీకు అందాలని కూర్చున్నాను.

ముందు చిన్నది తేల్చేద్దాం. మీ గ్రంథాలయం సైటులో లాగిన్ కాగానే నువ్వెక్కడా రాయని అకౌంట్స్ ప్రొఫైల్ అడ్రసుకు వెళ్లి 404 వస్తోందన్నావు. లాగిన్ రీడైరెక్ట్ యూఆర్ఎల్ అనే సెట్టింగ్ మనం ఇవ్వకపోతే జాంగో ఫ్రేమ్‌వర్క్ అక్కడికే పంపుతుంది, ఆ పేజీ ఉందో లేదో చూడదు. ఆ సెట్టింగ్‌లో నీ హోమ్ పేజీ పెట్టు, సరిపోతుంది.

అసలు సంగతి రెండోది. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన పుస్తకం లింకు నొక్కిన పాఠకుడు, లాగిన్ అయ్యాక ఆ పుస్తకం దగ్గరికి కాకుండా, ఆ సెట్టింగ్ మార్చాక కూడా హోమ్ పేజీకే చేరతాడు. దారిలో ఆపింది మనం కాబట్టి తిరిగి అక్కడికే చేర్చే పూచీ కూడా మనదే. జాంగో తన వంతు చేస్తూనే ఉంది. లాగిన్ రిక్వయిర్డ్ డెకరేటర్ మనిషిని ఆపి లాగిన్ పేజీకి పంపేటప్పుడు, అతను వెళ్లాలనుకున్న చోటును నెక్స్ట్ అన్న పేరుతో అడ్రసు చివర తగిలిస్తుంది. నువ్వు పంపిన టెంప్లేట్ చూశాను. ఫారం యాక్షన్‌లో లాగిన్ అడ్రసు మాత్రమే రాశావు, సబ్మిట్ నొక్కగానే నెక్స్ట్ అక్కడ రాలిపోతోంది. యాక్షన్ ఖాళీగా వదిలెయ్యి, లేదా నెక్స్ట్‌ను హిడెన్ ఫీల్డ్‌గా పెట్టు. జాంగో లాగిన్‌వ్యూ దాన్ని అందుకుంటుంది. సొంత వ్యూ అక్కర్లేదు.

సొంతంగా రాస్తే ఏమవుతుందో చెప్తాను విను. నెక్స్ట్ ఉండేది అడ్రసులోనే, అంటే దాన్ని ఎవరైనా మార్చొచ్చు. మోసగాడు మీ గ్రంథాలయం అసలు అడ్రసుతోనే లింకు పంపుతాడు, నెక్స్ట్‌లో మాత్రం తన సైటు పెడతాడు. పాఠకుడు అడ్రసు చూసుకుంటాడు, మనదే. పాస్‌వర్డ్ కొడతాడు, సరైనదే. అప్పుడు నీ రెండు లైన్లు అతన్ని అచ్చం మన లాగిన్ పేజీలా ఉన్న వేరే పేజీకి తీసుకెళ్తాయి. పాస్‌వర్డ్ తప్పు, మళ్లీ ఇవ్వండి అని అక్కడ ఉంటుంది. వేలు జారిందేమో అనుకుని మళ్లీ కొడతాడు. జాగ్రత్తగా చూసుకున్న మనిషే మోసపోయాడు, అదీ మన చేతుల మీదుగా. దీన్ని ఓపెన్ రీడైరెక్ట్ అంటారు. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2010లోనూ 2013లోనూ పది పెద్ద ప్రమాదాల జాబితాలో ఈ రకం లోపాలకు చోటిచ్చింది.

స్లాష్‌తో మొదలైతేనే ఒప్పుకుంటానని అంటావేమో. రెండు స్లాష్‌లతో మొదలైన అడ్రసును బ్రౌజర్ వేరే సైటుగానే చదువుతుంది. స్లాష్ పక్కన బ్యాక్‌స్లాష్ ఉన్నా అంతే. ఇవన్నీ పట్టుకునే ఫంక్షన్ జాంగోలో ఉంది, యూఆర్ఎల్ హ్యాజ్ అలౌడ్ హోస్ట్ అండ్ స్కీమ్ అని. 3.0 వెర్షన్‌కు ముందు దాని పేరు ఈజ్ సేఫ్ యూఆర్ఎల్. హోస్టూ స్కీమూ సరిపోయినంత మాత్రాన అడ్రసు సురక్షితమని చెప్పలేం కాబట్టి పేరు మార్చారు. ఆ నిజాయితీ నాకెంతో నచ్చింది. లాగిన్‌వ్యూ ఆ ఫంక్షన్‌ను తనే పిలుస్తుంది. ఎప్పుడైనా సొంత వ్యూ తప్పనిసరైతే నువ్వు పిలవాలి.

నేను చేసిన తప్పు ఒకటి కూడా నీకు తెలియాలి. మొదటి ఉద్యోగంలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ పని చేశాను. మనం మార్చకపోతే జాంగో సెషన్ రెండు వారాలు, 12,09,600 సెకన్లు. ఆరోగ్యం వివరాలు కదా అని 900కి తగ్గించాను. పావుగంట ఏమీ చేయకుండా ఉంటేనే గడువు తీరుతుందనుకున్నాను. కానీ సెషన్‌లో ఏదైనా మారితేనే జాంగో దాన్ని మళ్లీ సేవ్ చేస్తుంది, గడువు అప్పుడే ముందుకు జరుగుతుంది. మా దాంట్లో లాగిన్ తర్వాత ఏదీ మారేది కాదు. అందుకని లాగిన్ అయిన క్షణం నుంచే పావుగంట. ఒక పెద్దాయన తన భార్య పాత జబ్బులూ మందులూ కాగితాలు చూసుకుంటూ ఒక్కొక్కటే టైపు చేసి సబ్మిట్ నొక్కారు. లాగిన్ పేజీ వచ్చింది. లాగిన్ అయ్యారు. నెక్స్ట్ సరిగ్గా అదే ఫారానికి చేర్చింది, ఖాళీ ఫారానికి. రీడైరెక్ట్ అడ్రసును గుర్తుపెట్టుకుంటుంది గాని పోస్ట్‌లో పంపిన వివరాలను దాచిపెట్టదు. ఆయన ఫోన్ చేసి, "అమ్మా, నేనేం తప్పు నొక్కాను?" అని అడిగారు. తప్పు నాది. ఆ వారమే సెషన్ సేవ్ ఎవ్రీ రిక్వెస్ట్ ట్రూ చేసి, రాస్తున్నకొద్దీ ఫారం డ్రాఫ్ట్‌గా సర్వర్‌లో సేవ్ అయ్యేలా మార్చాను. డ్రాఫ్ట్ సేవ్ అయినప్పుడల్లా గడువూ జరుగుతుంది. నీ సైట్లో పుస్తక సమీక్ష ఫారం ఉందన్నావు, దానికీ ఇది చెయ్యి.

మూడోది, నీకు వస్తున్న టూ మెనీ రీడైరెక్ట్స్ ఎర్రర్. లైబ్రేరియన్ పేజీని మామూలు పాఠకుడు తెరిచినప్పుడే కదా వస్తోంది? అతను లాగిన్ అయ్యే ఉన్నాడు, అనుమతే లేదు. పర్మిషన్ రిక్వయిర్డ్ డెకరేటర్ లాగిన్ పేజీకి పంపుతుంది. రీడైరెక్ట్ ఆథెంటికేటెడ్ యూజర్ ట్రూ అని నువ్వు పెట్టావు కాబట్టి లాగిన్ పేజీ వెనక్కి పంపుతుంది. లాగిన్ కాని మనిషిని లాగిన్‌కు పంపాలి, లాగిన్ అయ్యీ అనుమతి లేని మనిషికి 403 చూపాలి. లాగిన్ రిక్వయిర్డ్‌ను పైన ఉంచి, దాని కింద పర్మిషన్ డెకరేటర్‌కు రెయిజ్ ఎక్సెప్షన్ ట్రూ ఇవ్వు. ఆ 403 పేజీలో, ఎవరిని అడిగితే అనుమతి దొరుకుతుందో తెలుగులో రాయి.

ఆదివారం లోపు ఒక పని చెయ్యి. నెక్స్ట్‌లో ముందు ఒక పుస్తకం పేజీ, తర్వాత వేరే సైటు అడ్రసు, ఆ తర్వాత అదే సైటును రెండు స్లాష్‌లతో మొదలుపెట్టి, ఒక్కోసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వు. మొదటిసారి పుస్తకం రావాలి, మిగతా రెండుసార్లూ హోమ్ పేజీ రావాలి. ఏం వచ్చిందో నాకు రాయి.

ప్రేమతో,
అక్క