ముందు తొక్కడమూ ఒక వంతే

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళే 42వ నంబరు జాతీయ రహదారి సైకిల్ తొక్కేవాళ్ళకు గట్టి పరీక్షే పెడుతుంది. ఆ ఊళ్ళన్నీ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైనే ఉన్నా, దారి మాత్రం చదునుగా ఉండదు. ఒక ఎక్కుడు, ఒక దిగుడు, ఊపిరి తిరిగేలోపు మళ్ళీ ఎక్కుడు. టమోటా కాలంలో లారీల రద్దీ సరేసరి. పోనూ రానూ లెక్కేస్తే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఒంటరిగా బయల్దేరినవాళ్ళకు సగం దారిలోనే కాళ్ళు మొరాయించవచ్చు. అదే దూరాన్ని నలుగురైదుగురు మిత్రులు కలిసి తొక్కితే సాయంత్రానికి ఇల్లు చేరగలరు.

కబుర్లలో దూరం తెలియదన్నది నిజమే కానీ, అసలు సంగతి గాలిలో ఉంది. చదునైన రోడ్డు మీద వేగం గంటకు 30 కిలోమీటర్లకు చేరితే, తొక్కే శక్తిలో ఎక్కువ భాగం ఎదురుగాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ముందున్న మనిషి ఆ పని చేస్తుంటే, చక్రం వెనక చక్రంగా వచ్చేవాళ్ళకు శ్రమలో దాదాపు పావువంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. అందుకే అనుభవమున్న జట్టులో ముందు చోటు ఎవరికీ సొంతం కాదు. కొన్ని నిమిషాలు గాలికి ఎదురొడ్డాక ముందున్నవారు మోచేయి చిన్నగా ఆడించి పక్కకు జరుగుతారు. వేగం తగ్గించి వరుస చివరికి చేరతారు. రెండో స్థానంలోని వారు ముందుకొస్తారు. ఒకరి చేలో ఇవాళ, ఇంకొకరి చేలో రేపు అన్నట్టు రైతులు వంతులేసుకుని చేసే బదులు పని లాంటిదే ఇదీ.

వ్యక్తిత్వం బయటపడేది ఈ వంతు దగ్గరే. కొందరు ముందుకొచ్చాక పక్కకు జరగరు. తమ బలం చూపించుకోవాలన్న తపనతో వేగం పెంచేస్తారు. వెనక వరుస తెగిపోతుంది, చివరికి వాళ్ళూ అలిసిపోతారు. మరికొందరు పొద్దంతా వెనకే నీడపట్టున ఉండి, వంతు రాగానే బూటు లేసు సర్దుకుంటారు. ఆఫీసుల్లో, ఇళ్ళల్లో, సంఘాల్లో రోజూ కనిపించే మనుషులే వీళ్ళు. అక్కడ వీళ్ళను గుర్తించడానికి ఏళ్ళు పడుతుంది. రోడ్డు మీద గంట చాలు.

ముందున్నవారికి ఇంకో బాధ్యత కూడా ఉంటుంది. వెనకవాళ్ళకు రోడ్డు సరిగ్గా కనిపించదు. గుంత వస్తే వేలు కిందికి చూపాలి, ఆగేముందు అరచేయి చాపాలి, ఎదురుగా లారీ వస్తుంటే కేకేయాలి. ఆ సైగను ప్రతి ఒక్కరూ తమ వెనకవారికి అందించాలి. ఒక్కరు మరిచిపోయినా నాలుగో మనిషి గుంతలో పడతాడు.

ఈ సమష్టి సవారీకి చరిత్ర ఉంది. 1897లో కొందరు ఇటాలియన్లు రోమ్ నుంచి నేపుల్స్ దాకా 230 కిలోమీటర్లు ఒక్క పగటిపూటలో తొక్కారు. ఆ స్ఫూర్తితో ఫ్రాన్సులో హెన్రీ డెగ్రాంజ్ 1904లో ఆడాక్స్ పద్ధతికి నియమాలు రాశారు. అంతకు ముందటేడే టూర్ డి ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన మనిషి ఆయన. అలాంటాయనే పందెం కాని సవారీకీ పునాది వేశారు: కెప్టెన్ నడిపించే వేగంతో అందరూ కలిసి సాగడం.

నేడు హైదరాబాదు సహా దేశంలోని అనేక నగరాల్లో జరిగే బ్రెవేలనే సుదూర సవారీలు ఆ వంశానివే. వీటిలో ఎవరి వేగం వారిదే కానీ, ర్యాంకులు మాత్రం ఉండవు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటల గడువు. ఈ నాలుగూ ఒకే ఏడాదిలో పూర్తిచేస్తే సూపర్ రాండనర్ అంటారు. దారిలోని తనిఖీ కేంద్రాలకు మూసే వేళే కాదు, తెరిచే వేళ కూడా ఉంటుంది. ఉదయం 6 గంటలకు బయల్దేరితే 100 కిలోమీటర్ల దగ్గరి కేంద్రం 8.56కు తెరుచుకుని 12.40కి మూతపడుతుంది. అతివేగంగా వచ్చినవారు తలుపు ముందు నిలబడాల్సిందే. తోటివారిని వెనక వదిలేసి దూసుకెళ్ళినందుకు అక్కడ ఏ బహుమతీ లేదు.

ఎక్కుడులో లెక్క మారిపోతుంది. వేగం పడిపోతుంది కాబట్టి ముందున్నవారి వెనక దాక్కున్నా లాభం తక్కువ. ఎవరి బరువు వారే మోసుకోవాలి. అక్కడ బలవంతులు చేయగల సాయం ఒక్కటే, పైకి చేరాక ఆగడం. హైదరాబాదులోని ఆదిత్య మెహతా ఫౌండేషన్ 2020 చివర్లో పారా సైక్లిస్టులతో శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి యాత్ర జరిపింది. కాలు కోల్పోయినవాళ్ళు, చేతులతో నడిపే సైకిళ్ళవాళ్ళు కలిసి సాగాలంటే ఎదురుచూడటం కూడా ప్రణాళికలో భాగం కావాలి. ఆ ఫౌండేషన్‌లో తర్ఫీదు పొందిన నంద్యాల యువకుడు షేక్ అర్షద్ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో దేశం తరఫున సైకిల్ తొక్కారు.

జట్టు కట్టాలనుకునే మిత్రులు కుప్పంతో మొదలుపెట్టనక్కర్లేదు. మదనపల్లె నుంచి పుంగనూరు పాతిక కిలోమీటర్ల లోపే. ఒక ఆదివారం తెల్లవారాక అంతవరకే వెళ్ళి, టిఫిన్ చేసి తిరిగి రండి. తర్వాత పలమనేరు, ఆపైన కుప్పం. బయల్దేరేముందే మూడు విషయాలు తేల్చుకోండి: వంతు ఎన్ని నిమిషాలు, పంక్చరైతే ఎవరెవరు ఆగాలి, ఎవరికైనా చేతకాకపోతే ఎక్కడ నుంచి బస్సెక్కించాలి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు లేనివారిని మొహమాటం లేకుండా ఇంటికి పంపండి. మీ జట్టులో అందరికంటే నెమ్మదిగా తొక్కేవారిని అడిగాకే వేగం ఖాయం చేయండి.