డిపాజిట్ కట్టే ముందు ఒక మెయిల్ రాయండి

అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసిన పిల్లల ఇళ్లలో మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే ఒకటే తర్జనభర్జన. నచ్చిన యూనివర్సిటీ ఏ సంగతీ తేల్చదు. రెండో వరుసలో పెట్టుకున్నదేమో ఫలానా తేదీలోగా డిపాజిట్ కట్టకపోతే సీటు ఉండదంటుంది. కట్టేయమని నాన్న, ఆగమని సీనియర్ అన్న. నన్నడిగితే, ముందు యూనివర్సిటీకే రాయండి.

మనవాళ్లకు ఇక్కడే మొహమాటం. డబ్బు గురించి అడిగితే అడ్మిట్ వెనక్కి తీసుకుంటారేమోనని భయం. ఆ ఆఫీసులకు ఇవి రోజూ వచ్చే ప్రశ్నలే.

ఈ డిపాజిట్ ఇల్లు కొనేటప్పుడు ఇచ్చే బయానా లాంటిది. చేరితే సాధారణంగా మొదటి సెమిస్టర్ ఫీజులో సర్దుతారు, మానేస్తే చాలాచోట్ల తిరిగి రాదు. కొన్ని కోర్సులకు అసలు డిపాజిట్టే ఉండదు. మీ కోర్సుకు ఏ నిబంధనో ఆఫర్ లెటర్‌లో వెతకండి, లేకుంటే అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న వీసాది. వీసా రాకపోతే డిపాజిట్ తిరిగిస్తారా? ఇస్తే ఏ కాగితం చూపాలి, ఎన్నాళ్లలోపు అడగాలి? కొన్ని యూనివర్సిటీలు తిరస్కరణ లేఖ చూపితే వాపసు చేస్తాయి, కొన్ని చేయవు. తిరస్కరణ ఒకటే కాదు, వీసా ఇంటర్వ్యూకి స్లాటే దొరక్కపోవచ్చు. అప్పుడు అడ్మిషన్‌ను తర్వాతి సెమిస్టర్‌కి డిఫర్ చేస్తే ఇదే డిపాజిట్ చెల్లుతుందా, మళ్లీ కట్టాలా? వీసాకు యూనివర్సిటీ నుంచి రావాల్సిన ఐ-20 పత్రం ఇవ్వాలంటే డిపాజిట్ తప్పనిసరా అన్నదీ తేల్చుకోండి. కొన్నిచోట్ల తప్పనిసరి, కొన్నిచోట్ల బ్యాంకు బ్యాలెన్స్ కాగితాలు చాలు. వీసా కోసం అమెరికా ప్రభుత్వానికి కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టాక యూనివర్సిటీ మారినా దాన్ని కొత్త ఐ-20కి మార్పించుకోవచ్చు. డిపాజిట్‌కు ఆ వెసులుబాటు లేదు.

‘ఏప్రిల్ 15 దాకా టైముందిలే’ అనే మాట వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతుంది. అది సగమే నిజం. అక్కడి కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ప్రకారం ఆ తేదీలోపు జవాబివ్వమని ఒత్తిడి చేయకూడనిది స్కాలర్‌షిప్, ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ లాంటి ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్ల విషయంలోనే. అదీ తీర్మానానికి ఒప్పుకున్న యూనివర్సిటీల్లోనే. సొంత డబ్బుతోనో లోనుతోనో వెళ్లే ఎంఎస్ విద్యార్థికి లెటర్‌లో ఉన్న తేదీయే గడువు. ఆ గడువు దగ్గరపడుతుంటే ఇంకో యూనివర్సిటీ నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నానని దాచకుండా రాసి, రెండు వారాలు పొడిగించమని కోరండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ గడువు దాటాక అడిగితే ఆ అవకాశం కూడా ఉండదు.

బ్రిటన్ లెక్క వేరు. అక్కడ చాలా యూనివర్సిటీలు వేల పౌండ్ల డిపాజిట్ అందాకే వీసాకు కావాల్సిన క్యాస్ అనే అడ్మిషన్ ధ్రువీకరణ ఇస్తాయి. కాబట్టి వాపసు నిబంధనలను అక్కడ మరింత జాగ్రత్తగా చదవాలి.

గడువు, డిపాజిట్ సంగతులు అడ్మిషన్స్ ఆఫీసును, ఐ-20 సంగతి ఇంటర్నేషనల్ ఆఫీసును అడగాలి. అప్లికేషన్ నంబరు వేసి, నాలుగైదు వాక్యాల్లో మీ పేరుతో మీరే రాయండి. కన్సల్టెన్సీ చేత రాయించొద్దు. కమీషన్ వచ్చే యూనివర్సిటీకి మిమ్మల్ని తొందరపెట్టే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. ఫోన్లో ఏం చెప్పినా మెయిల్‌లో ఖాయం చేయించుకుని దాచుకోండి. డబ్బు యూనివర్సిటీ పోర్టల్‌లో లాగిన్ అయ్యాకే కట్టండి. ‘మాకు ఫోన్‌పే చేయండి, మేం కట్టేస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. లోను తీసుకునేవాళ్లు ఈ రసీదు మార్జిన్ మనీ కింద లెక్కకు వస్తుందేమో బ్యాంకును అడగండి.

రెండుచోట్ల డిపాజిట్ కట్టి కూర్చోవడం నాకు నచ్చని పద్ధతి. ఒకదాని డబ్బు పోయినట్టే. ఏ సీటు వద్దనుకున్నారో ఆ యూనివర్సిటీకి ఆ రోజే రాసేయండి. వెయిట్‌లిస్టులో దానికోసం ఇంకో విద్యార్థి చూస్తుంటారు.