రెండు సిలిండర్ల చదువు

పాత బండిని వదలకుండా ఉంచుకున్నవాణ్ణి చూస్తే లోకం అతన్ని పిచ్చివాడైనా అనుకుంటుంది, పిసినారైనా అనుకుంటుంది. నా మటుకు నాకు అది చదువు. కొత్త బండి తీసుకెళ్తుంది, తీసుకొస్తుంది, అంతే. పాతబడేకొద్దీ యంత్రం తన లోపలి సంగతులు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెడుతుంది. 1988లో సెకండ్‌హ్యాండులో కొన్న రాజ్‌దూత్ 350 ఈనాటికీ నా దగ్గరుంది. అది నేర్పిన నాలుగు ముక్కలు విద్యార్థి మిత్రులతో పంచుకుందామని ఈ చిన్న ప్రయత్నం. పరీక్షలో ఇంజను బొమ్మ చక్కగా గీసి మార్కులు తెచ్చుకుని, ఆ ఇంజనును చేత్తో తాకని వారు ముఖ్యంగా చదవాలని నా కోరిక.

వంశక్రమం

జపానుకు చెందిన యమహా సంస్థ 1973లో ఆర్.డి.350 అనే మోటార్ సైకిలును బయటికి తెచ్చింది. అక్కడ దాని రోజులు అయిపోయాక, 1983లో మన దేశంలో ఎస్కార్ట్స్ సంస్థ దాన్ని రాజ్‌దూత్ పేరుతో తెచ్చి, 1989 దాకా తయారుచేసింది. జపాను బండి శక్తి 39 హార్స్ పవర్. మన పెట్రోలు ధర చూసుకుని దాన్ని 30.5కు తగ్గించారు, ఆ తర్వాత 27కు దించారు. మొదటిది ‘హై టార్క్’, రెండోది ‘లో టార్క్’ అని కుర్రకారు పేర్లు పెట్టుకున్నారు. తగ్గించినా సరే, 18 హార్స్ పవర్ బుల్లెట్టే గొప్పగా చలామణీ అయ్యే రోజుల్లో ఇది మెరుపే. జపాను బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండేది. మన బండికి డ్రమ్ము బ్రేకే ఇచ్చారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

రెండెందుకు?

ఒక్కో సిలిండరు వ్యాసం 64 మిల్లీమీటర్లు, పిస్టను నడక 54. లెక్క కడితే ఒక్కోటి 173 సి.సి. పైచిలుకు, రెండూ కలిసి 347. ఇది టూ స్ట్రోకు ఇంజను, కాబట్టి క్రాంకు ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి పిస్టనూ ఒకసారి మండుతుంది. ఒకటి పైకి వెళ్తే రెండోది కిందికి వస్తుంది. అంటే ప్రతి అరచుట్టుకూ ఒక మంట. నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 200 మంటలన్న మాట! ఒకే పెద్ద పిస్టను కొట్టే దెబ్బలకు బదులు చిన్న దెబ్బలు దగ్గర దగ్గరగా పడతాయి. అందుకే ఆ నునుపూ, ఆ పరుగూ.

అయితే కార్బురేటర్లు రెండు, పాయింట్లు రెండు, కండెన్సర్లు రెండు, కాయిల్సు రెండు. “ఇద్దరు పెళ్లాల కాపురం గురూ ఇది” అని షెడ్డులో మేస్త్రి నవ్వేవాడు. నేను మాత్రం ఈ జంటలోనే గొప్ప సౌకర్యం ఉందంటాను.

ఒకదానికి ఒకటి సాక్షి

ప్రయోగశాలలో ఒక నమూనాను మార్పు చెయ్యకుండా పక్కన పెట్టుకుని రెండోదాన్ని దానితో పోలుస్తాం కదా? రెండు సిలిండర్ల బండిలో ఆ ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. ఎడమ సిలిండరు మండడం లేదనుకోండి. ఎడమ ప్లగ్గు కుడికీ, కుడి ప్లగ్గు ఎడమకీ మార్చండి. జబ్బు కూడా కుడికి మారిందా, దోషి ప్లగ్గే. మారలేదా, ప్లగ్గు నిర్దోషి. తర్వాత కాయిల్సు మార్చి చూడండి, ఆ తర్వాత కండెన్సర్లు. ఒకసారికి ఒకటే మార్చాలి, ప్రతిదీ కాగితం మీద రాసుకోవాలి. కొత్త సామాను ఒక్కటైనా కొనకముందే జబ్బు ఎక్కడుందో తేలుతుంది.

ప్లగ్గు రంగు కూడా అంతే. లేత కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువై లోపల వేడి పెరిగిపోతోందని అర్థం. రెండు ప్లగ్గులూ పక్కపక్కన పెడితే తేడా చిన్న పిల్లాడికి కూడా తెలుస్తుంది.

నాకు ఈ పాఠం బాగా ఉపయోగపడింది 1997 వేసవిలో. కుడి గొట్టం నుంచి మాత్రమే తెల్లటి పొగ రావడం మొదలైంది. గేరుబాక్సు ఆయిలు కొలిస్తే తగ్గుతోంది. ఈ ఇంజనులో క్రాంకుకు కుడి వైపు క్లచ్చి, ఎడమ వైపు డైనమో. కుడి చివరి రబ్బరు సీలు అరిగితే ఇంజను గేరుబాక్సు ఆయిలును లోపలికి పీల్చుకుంటుంది, పొగ వస్తుంది. ఎడమ సీలు అరిగితే ఆయిలుకు బదులు గాలిని పీల్చుకుంటుంది, పొగే రాదు. ఎడమదే ప్రమాదం! యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం వెంటనే దిగకపోవడం ఒక్కటే దాని సూచన. పట్టించుకోకపోతే పిస్టను వేడెక్కి సిలిండరును పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. కుడి సీలు మార్చిన రోజే ఎడమదీ మార్పించాను. రెండూ ఒకే వయసువి కదా.

దీర్ఘకాలం ఉంచుకున్న బండిలో ఇనుము కన్న ముందు రబ్బరు చస్తుంది. సీళ్లు, పైపులు, కార్బురేటరుకూ ఇంజనుకూ నడుమ ఉండే రబ్బరు ముక్కలు బండి నడిచినా పాడవుతాయి, నడవకపోయినా పాడవుతాయి.

పెట్రోలు మారింది

2025 నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు చేరింది. పాత బండి యజమానికి ఇది కెమిస్ట్రీ పాఠం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాలుకు 9 చాలు. ఈ మిశ్రమానికి లెక్క వేస్తే దాదాపు 13.5 వస్తుంది. కొత్త బండ్లలో కంప్యూటరు దీన్ని సర్దుకుంటుంది. నా బండిలో ఉన్నది ఇత్తడి జెట్టు, దానికున్నది ఒకే రంధ్రం. అది పాత లెక్కనే పెట్రోలు వదులుతుంది గనక, ఇంజనుకు చేరే మిశ్రమం నూటికి ఎనిమిది పాళ్ల మేర పలచబడుతుంది. ఎడమ సీలు అరిగితే వచ్చే జబ్బే ఇప్పుడు రెండు సిలిండర్లకూ వస్తుందన్న మాట. జెట్టు సైజు పెంచి, ప్లగ్గు రంగు చూసుకుంటూ సరిచేశాను. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కాబట్టి పది రోజులకు పైగా బండి తీయకపోతే కార్బురేటర్లలోని పెట్రోలు వంచేస్తాను.

ఆగడం సంగతి

ఈ బండి గురించి మాట్లాడేవాళ్లందరూ వేగమే చెబుతారు. ఆగడం గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఒక లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం చూసి బ్రేకు మీద కాలు వెయ్యడానికి ఒక సెకను పోతుంది. ఆ తర్వాత ప్రతి సెకనుకూ వేగం 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే ఇంకో 28 మీటర్లు. మొత్తం 45. అదే 90 మీద వెళ్తే 25, ఆపైన 62.5, మొత్తం 87.5 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు, దూరం దాదాపు రెట్టింపు! డ్రమ్ము బ్రేకు వేడెక్కితే పట్టు సడలుతుంది గనక ఈ లెక్క కూడా చాలదు. నా ముందు వెళ్లే కారుకు డిస్కులున్నాయి, ఏ.బి.ఎస్. ఉంది. అతను ఆగినచోట నేను ఆగలేను. అందుకే అరవై దాటను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

మా అబ్బాయి ఇరవయ్యో ఏట తాళం అడిగాడు. బ్రేకు షూలు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి, ఖాళీ మైదానంలో సుద్దముక్కతో గీత గీసి ఎన్ని మీటర్లలో ఆగుతోందో కొలిచి చూపించమన్నాను. మూడు ఆదివారాలు పట్టింది. నాలుగో ఆదివారం తాళం ఇచ్చాను. మొదటి రోజు నలభై దాటలేదని వాడే వచ్చి చెప్పాడు.

ఎంతకాలం?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. టూ స్ట్రోకులో కొంత పెట్రోలు మండకుండానే పొగగొట్టంలోంచి జారిపోతుంది. దాన్ని సమర్థించలేను. కాబట్టి ఆఫీసు నడకకు వేరే బండి ఉంది, దీన్ని వారానికొకసారి తీస్తాను. పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. అది మంచిదే. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాన్నే వింటేజిగా గుర్తిస్తారు. 1983లో తయారైన మొట్టమొదటి బండికైనా ఆ గౌరవం 2033 దాకా రాదు.

అసలు గడువు సిలిండరు గోడలోనే ఉంది. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున బోరు చేయించి, ఆ సైజు పిస్టను వేయించాలి. అలా నాలుగుసార్లు చెయ్యవచ్చు. నా బండికి మూడు అయిపోయాయి, ఒకటి మిగిలింది. ఆ తర్వాత కొత్త స్లీవు వేయించాలి, దానికి చెయ్యి తిరిగిన లేతు మేస్త్రి కావాలి. అటువంటి పెద్దలు మన ఊళ్లలో ఏటేటా తగ్గిపోతున్నారు. చదువుకునే మిత్రులెవరైనా సెలవుల్లో అటువంటి వారి షెడ్డులో నెల రోజులు కూర్చుంటే, నా నాలుగో బోరింగుకు వారినే పిలుస్తాను. కూలి డబ్బు ముందే ఇస్తాను.