కృత్రిమ తుంటి కీలు: యంత్రం మీద అరుగుదల, మనిషిలో అరుగుదల



తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ అయ్యి, రోగి వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగానే మీరు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే: "సిస్టర్, ఈ కీలు ఎన్నేళ్లు వస్తుంది?" ఇరవై ఏళ్లని ఎవరో చెప్పగా విని, ఆ లెక్క పట్టుకుని ఇంటికి వెళ్తారు. ఇలాంటి లెక్కల్లో కొంత ఆపరేషన్ అయినవారిని ఏళ్ల తరబడి గమనించి చెప్పినది, కొంత యంత్రం చెప్పినది. ఆ యంత్రం సంగతి మీకు తెలియాలి.

కృత్రిమ కీలులో తొడ ఎముకలోకి దిగిన కాడ మీద ఒక గుండు ఉంటుంది. అది కటి ఎముకలో అమర్చిన గిన్నెలో తిరుగుతుంది. ప్రయోగశాలలో ఈ రెంటినీ యంత్రానికి బిగించి, కీలులోని జిగురు నీటికి బదులు పశువుల రక్తం నుండి తీసిన సీరం పోస్తారు. నడకలో పడేటంత బరువు మోపి, సెకనుకు ఒకసారి చొప్పున ఆడిస్తారు. పది లక్షల సార్లు ఆడితే మనిషి ఏడాది నడకతో సమానమని లెక్క. ఆపకుండా నడిపితే పన్నెండు రోజుల్లో ఏడాది గడిచిపోతుంది! తరువాత గిన్నెను తూచి, ఎంత అరిగిందో చూస్తారు.

ఈ పరీక్ష విలువ తక్కువది కాదు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో డాక్టర్ జాన్ చార్న్లీ మొదట టెఫ్లాన్ గిన్నెలు వేశారు. నున్నగా జారే పదార్థమే, కాని మనుషుల్లో కొద్ది ఏళ్లకే అరిగిపోయి, ఎందరికో మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. 1962లో ఒక సేల్స్‌మన్ తెచ్చిన పాలిథిలీన్ ముక్కను ఆయన సహాయకుడు హ్యారీ క్రేవెన్ యంత్రం మీద పెట్టి చూశాడు. మొదట కొట్టిపారేసిన చార్న్లీ, అది ఎంత తక్కువ అరిగిందో చూసి మనసు మార్చుకున్నారు. ఆ రెండు పదార్థాలనూ తన తొడలోనే పెట్టుకుని, శరీరం వాటిని ఎలా స్వీకరిస్తుందో కూడా పరీక్షించుకున్నారు. 1990ల చివరి నుండి వాడుకలోకి వచ్చిన క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్ విషయంలోనూ యంత్రం చెప్పినది నిజమైంది. మనుషుల్లోనూ అది పాతదానికంటే చాలా తక్కువ అరుగుతోంది.

కాని యంత్రం మాట ప్రతిసారీ నిలవలేదు. లోహపు గుండు, లోహపు గిన్నె ఉన్న కీళ్లు మామూలు యంత్ర పరీక్షల్లో అతి తక్కువ అరిగాయి. మనిషిలో గిన్నె కాస్త నిటారుగా కూర్చుంటే బరువంతా అంచు మీద పడింది. కోబాల్ట్, క్రోమియం రక్తంలో చేరాయి, చుట్టూ ఉన్న కండ పాడైంది. అలాంటి ఏ.ఎస్.ఆర్. అనే కీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో దానితో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. వారిలో మూడు వేల మందికి పైగా ఎక్కడున్నారో తెలియలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది.

తేడా ఎందుకు వస్తుంది? యంత్రం కాలు జారి తూలదు. బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోదు, గొంతుక్కూర్చోదు. దాని గిన్నెలోకి సిమెంటు నలుసు పోదు. ఇప్పుడు మెట్లెక్కడం, వాలుగా ఉన్న గిన్నె వంటివి కూడా ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారు. అయినా మీ నాన్నగారి బరువు, ఆయన నడక ఆ యంత్రానికి తెలియవు.

అసలు భయం గిన్నె పలచబడడం గురించి కాదు, రాలిన పొడి గురించి. ఆ నలుసుల్లో చాలావరకు మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే చిన్నవి. శరీరంలోని కణాలు వాటిని మింగుతాయి గాని అరిగించుకోలేవు. ఆ పోరాటంలో పక్కనున్న ఎముక కరుగుతుంది, చాలాకాలం నొప్పే ఉండదు.

నేను చూసిన ఒక పెద్దాయన పాత రకం ప్లాస్టిక్ గిన్నెతో పదకొండేళ్లు పొలానికి తిరిగారు. "నొప్పి లేదు కదమ్మా, బస్సు చార్జీలు దండగని తీసుకురాలేదు" అన్నాడు కొడుకు. ఎక్స్‌రేలో గిన్నె చుట్టూ ఎముక చెదలు తిన్న దూలంలా ఉంది. రెండో ఆపరేషన్ మొదటిదానికంటే చాలా పెద్దదైంది. కొడుకును తప్పుపట్టలేను. ఆనాడు డిశ్చార్జి చేసేటప్పుడు మేము "నొప్పి వస్తే రండి" అనే చెప్పి పంపాము.

అందుకే ఇప్పుడు వేరేగా చెబుతున్నాను. నొప్పి లేకపోయినా డాక్టరుగారు రాసిన గడువుకు ఎక్స్‌రేకు తీసుకురండి. పాత ఫిల్ములు కూడా తేవాలి, పక్కపక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది. గజ్జల్లో గాని తొడలో గాని కొత్తగా నొప్పి వచ్చినా, కాలు పొట్టి అయినట్టున్నా, కీలులో టకటక శబ్దం వస్తున్నా గడువు దాకా ఆగవద్దు. జ్వరం, కుట్ల దగ్గర చీము కనబడితే అదే రోజు రావాలి. లోహం మీద లోహం ఉన్న కీలైతే రక్తపరీక్ష గురించి అడగండి. అరుగుతుందేమోనని నడక మాత్రం మాన్పించకండి. కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం విషయంలో డాక్టరు మాట వినండి, కమోడ్ కుర్చీ ఏర్పాటు చేయండి.

కీలు పెట్టెలోని స్టిక్కర్లు కేసు షీటులో అతికిస్తాము. వాటి జిరాక్సు అడిగి తీసుకుని, రేషన్ కార్డుతో పాటు దాచండి. ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా మెడికల్ రికార్డ్స్ కిటికీ దగ్గర చెప్పి రాయించండి.