నెమలి బొమ్మకు చోటెంత?

సాఖర్‌పేటలో మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన వారికి "పిక్సెలు" అను మాట క్రొత్తయైనను వస్తువు క్రొత్త కాదు. చద్దరుపై నెమలిని నేయుటకు ముందు గళ్ళ కాగితముపై ఒక్కొక్క గడిని రంగుతో నింపుదురు. ఆ గడులను బట్టియే జాకార్డు అట్టలకు రంధ్రములు పడును. కంప్యూటరు బొమ్మయు ఇట్టి గడుల కూర్పే. ఒక్కొక్క గడి ఒక పిక్సెలు.

ఒక్కొక్క పిక్సెలునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము పాళ్ళను వ్రాసికొనుటకు సాధారణముగా మూడు బైట్లు వలయును. 400 గడుల వెడల్పు, 600 గడుల పొడవు గల బొమ్మకు 7,20,000 బైట్లు. కాని రేపు వచ్చు బొమ్మ యెంతటిదో ప్రోగ్రాము వ్రాయువానికి నేడు తెలియదు. బేరము కుదరకమునుపే ఇల్లంతయు నూలు నింపుకొనువాడు కలడా? అందుచే, 1970 దశకారంభమున బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ నిర్మించిన సి భాషలో "మాలాక్" అను సాధనము కలదు. ఇన్ని బైట్లు కావలెనని యడిగినచో, ప్రోగ్రాము నడుచుచుండగనే చోటు చూపి, దాని మొదటి చిరునామాను ఇచ్చును. చోటు దొరకనిచో "నల్" అను శూన్య చిరునామా నిచ్చును. దానిని పరీక్షింపక పని మొదలిడరాదు.

ఆ చోటు చద్దరువలె పరచియుండదు. ఒకే పొడవైన పోగువలె నుండును. మొదటి వరుస ముగిసినచోట రెండవది మొదలగును. సున్నతో మొదలిడి లెక్కించినచో, 2వ వరుసలో 5వ గడి (2 × 400 + 5) × 3, అనగా 2415వ బైటున నుండును.

అసలు ప్రమాదము గుణకారమున నున్నది. 40,000 గడుల వెడల్పు, అంతే పొడవు గల బొమ్మకు 4,80,00,00,000 బైట్లు కావలెను. 32 బిట్ల సంఖ్యలో 4,29,49,67,295 కు మించి పట్టదు. మించినది చుట్టు తిరిగి 50,50,32,704 గా మిగులును. మాలాక్ పాప మంత చోటే యిచ్చును. ప్రోగ్రాము మాత్రము బొమ్మ నంతయు నింపబోయి పొరుగువారి చోటు చెరుపును. మగ్గముపై పోగుల లెక్క తప్పిన వెంటనే కంటికి కనబడును, ఇచ్చట కనబడదు. దుర్బుద్ధి గలవాడు ఫైలు తలభాగమున కావలెననియే ఇట్టి కొలతలు వ్రాసి పంపవచ్చును. కావున గుణించుటకు ముందే భాగించి చూడవలెను: గరిష్ఠ సంఖ్యను మూటితోను, వెడల్పుతోను భాగింపగా 35,791 వచ్చును. పొడవు అంతకు మించినది గనుక బొమ్మను త్రోసిపుచ్చవలెను.

పని ముగిసిన పిదప "ఫ్రీ" అను సాధనముతో ఆ చోటును తిరిగి యప్పగింపవలెను. అప్పగించిన పిదప పాత చిరునామాకు పోయి వ్రాయుట, మరియొకరి పడుగు ఎక్కిన మగ్గముపై మన నాడెను విసరుట వంటిది.