పేరు మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మాయి మెడికల్ స్కూల్ అప్లికేషన్ వ్యాసంలో, తను వాలంటీరుగా వెళ్లే ఆసుపత్రిలోని ఒక పేషెంటు గురించి రాసింది. పేరు మార్చింది. చాలంటారా?

జవాబు: చాలదండీ. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం నియమాల్లో, పేషెంటును గుర్తుపట్టకుండా చేసే ఒక పద్ధతి ప్రకారం 18 రకాల వివరాలు తీసేయాలి. ఊరు, ఆసుపత్రిలో చేరిన తేదీ, 89 దాటిన వయసు కూడా అందులో ఉన్నాయి. మీ అమ్మాయి ఆ నియమాన్ని అక్షరాలా పాటించినా ఇంకో చిక్కుంది. అదే అప్లికేషన్‌లో, చేసిన పనుల పట్టికలో ఆసుపత్రి పేరు, పనిచేసిన నెలలు ఉంటాయి. వాటి పక్కన వ్యాసంలోని అరుదైన జబ్బును పెట్టి చూస్తే మనిషి దొరికిపోతారు.

కాబట్టి జబ్బును, కుటుంబ వివరాలను పైపైన చెప్పమనండి. ‘ఒక పెద్దాయన’ అంటే చాలు. అలాగని లేనివి కల్పించకూడదు. రాసిందంతా నిజమని సంతకం చేయాలి. వ్యాసంలో ఎక్కువ భాగం తను ఏం చేసింది, ఏం ఆలోచించింది అన్నదానికే ఇవ్వాలి. వాలంటీరుగా చేరినప్పుడు గోప్యత పత్రంపై సంతకం చేసి ఉంటే మళ్లీ చదవమనండి. ముఖ్యంగా, చిత్తుప్రతిని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.